హద్దులు దాటుతున్న మత్తి: రాష్ట్రాల నిబంధనలకు పరీక్ష

కొచ్చి: కేరళలో పేదల చేపగా పేరుబడిన మత్తి (నూనె కవళ్లు) ఒకప్పుడు ప్రధానంగా మలబారు తీరానికే పరిమితం. సముద్ర జలాలు వేడెక్కుతున్న కొద్దీ అది ఉత్తరానికి, తూర్పు తీరానికి విస్తరించిందని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు పేర్కొన్నారు. కేరళలో 2012లో సుమారు 3.9 లక్షల టన్నుల మత్తి లభించగా, 2021లో 3,297 టన్నులే దక్కడంతో సంప్రదాయ మత్స్యకారులు ఉపాధి కోల్పోయారు. 2015 నాటి ఎల్ నినో ప్రభావానికి పిల్లచేపల వేట తోడవడమే ఇందుకు కారణమని భావిస్తున్నారు.

10 సెంటీమీటర్ల కన్న చిన్న మత్తిని పట్టరాదని కేరళ నిషేధించింది. అయితే తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు వేట నియంత్రణ ఆయా రాష్ట్రాలదే. ఒక రాష్ట్రం విడిచిన పిల్లచేప పొరుగు రాష్ట్రపు వలలో పడితే నిషేధం నిష్ఫలమవుతుంది. చేప చోటు మార్చుకుంటున్నందున తీర రాష్ట్రాలు ఉమ్మడి నిబంధనలు రూపొందించుకోక తప్పదు.