మాట మీద సాగు

కాలవలకు నీళ్లొదిలారంటే తెనాలి, రేపల్లె, బాపట్ల చుట్టుపక్కల ఊళ్లలో అరుగుల మీద ఓ బేరం నడుస్తుంది.

‘బాబాయ్, ఈ ఏడు కూడా ఆ రెండెకరాలూ నువ్వే చేసుకో. నిరుటి మీద ఓ బస్తా ఎక్కువ చూడు...’

‘అట్టాగే లేరా అబ్బాయ్!’

అంతే. కాగితం లేదు, సంతకం లేదు, సాక్షి అంతకన్నా లేడు. రామాపురం అన్న పేరుతో మన వైపు ఊళ్లు చాలానే ఉన్నాయి. ఏ రామాపురానికి వెళ్లినా ఈ మాట ఇలాగే ఉంటుంది. ‘మనలో మనకి కాగితమేంటి’ అనడం పెద్దరికం. ‘రాసివ్వు’ అని అడగడం అపనమ్మకం. పంట చేతికొచ్చినంత కాలం దీంతో ఎవరికీ ఇబ్బంది లేదు.

ఇబ్బందల్లా తుపాను వచ్చినప్పుడే.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోసిన వరి పనల మీద ఉంది, కొయ్యని వరి నేలకొరిగింది. ఆ తర్వాతి ఏడాది సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల వరద కిందికి వచ్చింది. బ్యారేజీ కట్టాక అంత నీరు రావడం అదే మొదలు. రేపల్లె వైపు లంకలు మునిగాయి. రెండుసార్లూ పంట నష్టం రాసుకోవడానికి అధికారులు వచ్చారు. వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే... ‘ఈ చేను ఎవరిది?’

చేను ఒకరిది, పంట ఇంకొకరిది. విత్తనం, ఎరువు, కూలి, కొట్లో అప్పు అన్నీ బాబాయివి. పాసు పుస్తకం మాత్రం అబ్బాయిది. ఆ అబ్బాయి హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటాడు.

దుర్మార్గుడేం కాదు. కాకపోతే భయం!

భయం ఎక్కడిదంటే...

ఆ భయానికి చరిత్ర ఉంది. ఆంధ్ర ప్రాంతానికి కౌలుదారీ చట్టం 1956లో వచ్చింది. చదివితే కౌలు రైతుకి ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. కౌలు ఆరేళ్లకు తగ్గకూడదు. భూమి అమ్మదలిస్తే ముందు కౌలుదారునే అడగాలి. కౌలు బకాయి పెడితేనో, భూమిని పాడుచేస్తేనో, మరొకరికి మారు కౌలుకిస్తేనో తప్ప ఖాళీ చేయించకూడదు. అదీ ప్రత్యేకాధికారి ముందు రుజువు చేసి మాత్రమే. తర్వాతి కాలంలో ఆ ప్రత్యేకాధికారి పని జూనియర్ సివిల్ జడ్జీలే చూశారు. 1974లో సవరణ చేసి కౌలు కూడా తగ్గించారు. మాగాణికి పంటలో 30 శాతం, మిగతా భూములకు 25 శాతం. అంతకు మించి తీసుకోకూడదు.

లెక్క వేద్దాం. ఎకరానికి 75 కిలోల బస్తాలు 30 పండాయనుకోండి. చట్టం ప్రకారం కౌలు 9 బస్తాలు. డెల్టాలో ఏ అరుగు మీదైనా ఈ మాట చెప్పి చూడండి, నవ్వుతారు. ఇక్కడ సగం పంట ఇవ్వడం మామూలే, నీటి వసతి బాగుంటే సగం దాటుతుంది. మరి కౌలు రైతుకేం మిగులుతుంది? రెండో పంట. సార్వా వరి కోతకు ముందే చేలో మినుములు చల్లేవారు. వరి కౌలుకి, మినుము ఇంటికి. అదీ ఇక్కడి కౌలు లెక్క. మినుముకి పల్లాకు తెగులు, బంగారు తీగ పట్టుకున్నాక చాలామంది దున్నకుండా మొక్కజొన్న వేయడం నేర్చారు. మొక్కజొన్నలో నాలుగు డబ్బులు కనపడేసరికి కౌలూ పెరిగింది. బాపట్ల పరిశోధన కేంద్రం 1986లో విడుదల చేసిన సాంబ మసూరి దేశమంతా అన్నంగా వెళ్లింది. దాన్ని పండించిన చేతుల్లో ఎన్ని సొంత చేలో పండించాయో ఏ బస్తా మీదా రాసి ఉండదు.

చట్టం కౌలు తగ్గించలేదు సరే, ఇంకో పని చేసింది. ‘ఆరేళ్లు చేస్తే వాడిదే అయిపోతుందట’ అన్న మాట ఊరూరా పాకింది. 1975 నుంచి భూపరిమితి చట్టం అమలు కూడా తోడైంది. అడంగల్‌లో పట్టాదారు గడి పక్కన అనుభవదారు గడి ఒకటి ఉంటుంది. అక్కడ ఇంకొకరి పేరు పడితే చాలు, భూమి పోయినట్టేనని యజమానులు బెంగపడ్డారు. అందుకే రెండేళ్లకోసారి కౌలుదారుని మార్చారు, నోటిమాట మీదే నడిపారు. కౌలు రైతును కాపాడాలని చేసిన చట్టమే అతన్ని కాగితాల్లోంచి మాయం చేసింది. ఇది తమాషాగా అనిపించొచ్చు గానీ కేరళ తప్పించి చాలా రాష్ట్రాల్లో జరిగింది ఇదే. కేరళ 1970 నుంచి కౌలు అన్నదే రద్దు చేసి దున్నేవాడికి భూమి రాసిచ్చింది. పశ్చిమ బెంగాల్ 1978లో ‘ఆపరేషన్ బర్గా’ పేరుతో ఊరూరా తిరిగి పాలుకు చేసేవాళ్ల పేర్లు నమోదు చేసింది. మన దగ్గర రెండూ జరగలేదు.

కార్డు వచ్చింది... అప్పు రాలేదు

జయతీ ఘోష్ సంఘం, కోనేరు రంగారావు కమిటీ రెండూ 2004 తర్వాత ఒకే మాట చెప్పాయి. కౌలు రైతుల్ని ముందు గుర్తించండి, మిగతావి తర్వాత అని. దాని ఫలితమే 2011 నాటి భూ అధీకృత సాగుదారుల చట్టం. భూమి జోలికి పోకుండా ఏడాదికి పనికొచ్చేలా రుణ అర్హత కార్డు ఇస్తారు. యజమాని సంతకం తప్పనిసరి కాదు. ఆలోచన మంచిదే. కానీ కార్డు పట్టుకుని బ్యాంకుకి వెళితే మేనేజరు కంప్యూటరులో సర్వే నంబరు కొట్టి, ‘దీని మీద ఆల్రెడీ లోనుందండీ’ అనేవాడు. ఉంటుంది మరి! సాగు చేసినా చేయకపోయినా పంట రుణం పట్టాదారు తీసేసుకుంటాడు. ఒకే చేను మీద రెండు పంట రుణాలు బ్యాంకు ఇవ్వదు. ఆ కౌలు రైతు నేరుగా పురుగుమందుల కొట్టుకి వెళ్తాడు. అక్కడ కార్డు అడగరు, వడ్డీ అడుగుతారు. పంట కూడా ఆ కొట్టు చెప్పినవాడికే అమ్మాలి.

భూమితో నిమిత్తం లేకుండా నలుగురైదుగురు కలిసి ఉమ్మడి పూచీ మీద తీసుకునే గ్రూపు రుణాలు ఉన్నాయి. ఆ దారి చాలామందికి తెలియదు. బ్యాంకులో అడిగి చూడాలి.

అప్పు సంగతి ఇలా ఉంటే, అంతకన్నా చేదు సంగతి ఇంకోటి. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబాన్ని ఆదుకోవడానికి 2004లో జీవో 421 వచ్చింది. పరిహారం మొత్తం తర్వాత పెరుగుతూ వచ్చింది. కానీ పోయిన మనిషి రైతే అని ఆ ఇల్లాలు రుజువు చెయ్యాలి. పాసు పుస్తకం లేదు, కౌలు కాగితం లేదు, బ్యాంకు అప్పు లేదు. ఉన్నదల్లా ప్రైవేటు అప్పు. దానికీ కాగితం ఉండదు, ఉన్నా అది అప్పిచ్చినవాడి దగ్గర ఉంటుంది. ‘మనలో మనకి కాగితమేంటి’ అన్న పెద్దరికం ఖరీదు ఆ ఇంటి గుమ్మంలో తెలుస్తుంది.

పదకొండు నెలల ఒప్పందం

2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. 1956 చట్టాన్నీ, 2011 చట్టాన్నీ పక్కన పెట్టేసింది. ఆరేళ్లు పోయి పదకొండు నెలలైంది. కౌలు ఇంతే ఉండాలన్న పరిమితి పోయింది, ఇద్దరూ ఏది రాసుకుంటే అదే. బదులుగా కౌలు రైతుకి పంట సాగుదారు హక్కు పత్రం ఇస్తారు. హక్కు పంట మీదే. భూమి మీద ఏ హక్కూ రాదని చట్టమే చెబుతోంది. ఈ పత్రం ఉంటే పంట రుణం, బీమా, నష్టపరిహారం అడగొచ్చు. ఒప్పందం గడువు తీరితే చేను యజమానిది.

యజమానులకు ఇంతకన్నా భరోసా ఏముంటుంది? అయినా ఈ చట్టంలో ఒక మెలిక ఉంది. పత్రం రావాలంటే యజమాని సంతకం పెట్టాలి. ‘బాబాయ్, సంతకం ఒక్కటి అడక్కు, ఇంకేదైనా అడుగు’ అంటే కథ మళ్లీ అరుగు మీదికే వస్తుంది. పైగా ఆ సంతకం పెడితే పంట రుణం, పెట్టుబడి సాయం తన చెయ్యి దాటిపోతాయన్న లెక్క కూడా యజమానికి ఉంటుంది. ఆ మాట పైకి అనరు. కేంద్రం ఏడాదికి 6 వేలు వేసే పీఎం కిసాన్ సాయం ఎటూ భూమి పేరున్నవాడికే. యజమాని సంతకం లేకుండానే కార్డులిచ్చేలా కొత్త చట్టం తెస్తామని ప్రభుత్వం 2024లో ప్రకటించింది.

నాకు తోచిన మాట ఒకటి. చట్టం తెలియక భయపడే యజమానులు కొందరైతే, తెలిసీ భయం నటించేవాళ్లు ఇంకొందరు. మొదటివాళ్లకి ఎవరైనా కూర్చోబెట్టి చెబితే చాలు. పదకొండు నెలల కాగితం మీద సంతకం పెట్టినంత మాత్రాన ఎవరి భూమీ పోదు. నిజానికి కాగితం ఉంటే యజమానికే మేలు. కౌలు ఎంతన్నదీ, గడువు ఎప్పటికన్నదీ రాతలో ఉంటుంది. మధ్యలో పేచీ వస్తే ‘నేనలా అనలేదు’ అనడానికి వీలుండదు. దూరాన ఉండి పొలం చూసుకోలేనివాళ్లు ఇది గమనించాలి.

కౌలు చేసేవాళ్లు చూసుకోవాల్సినవి...

ఊడ్పులకు ముందే గ్రామ సచివాలయానికి వెళ్లి, ఒప్పందం మీద ఇద్దరూ సంతకం చేసి, వీఆర్వో దగ్గర హక్కు పత్రం తీసుకోవాలి. కాగితం మీద సర్వే నంబరు, విస్తీర్ణం, కౌలు ఎంత, బస్తాలా డబ్బా, రెండో పంట ఎవరిది అన్నవన్నీ ఉండాలి. చివరిది చాలామంది మరచిపోతారు. డెల్టాలో గొడవలు వచ్చేది అక్కడే.

యజమాని ససేమిరా అంటే? అప్పుడు కూడా ఒక్క దారి వదలకూడదు. అది ఈ-క్రాప్ నమోదు. చేలో పంట ఎవరు వేశారో వ్యవసాయ సహాయకుడు వచ్చి ఫొటో తీసి నమోదు చేస్తాడు. ధాన్యం మద్దతు ధరకు అమ్మాలన్నా, తుపాను పరిహారం రావాలన్నా, బీమా రావాలన్నా ఆధారం అదే. ఫసల్ బీమా 2020 నుంచి ఇష్టమైతేనే కట్టేది, కౌలు రైతులూ కట్టొచ్చు. నమోదులో సాగుదారు గడిలో ఎవరి పేరుందో అడిగి చూడండి. పట్టాదారు పేరే పడిపోతే పరిహారం కూడా ఆయన ఖాతాకే పోతుంది. ఆయన మంచివాడైతే తెచ్చిస్తాడు, కాకపోతే లేదు. విత్తనం కొన్న బిల్లు, ఎరువుల బిల్లు మీ పేరు మీద రాయించుకుని దాచండి. కౌలు ఇచ్చినప్పుడు చిన్న రసీదు తీసుకోండి, ఫోన్లోంచి డబ్బు పంపినా ఆధారమే.

నమోదయ్యాక జాబితాను సచివాలయంలో, రైతు సేవా కేంద్రంలో అందరికీ కనపడేలా పెడతారు. పొరపాటుంటే చెప్పడానికి గడువిస్తారు. అది వరి పొట్ట మీద ఉండే రోజులు, పొలం పనులు తీరిక ఉండనివ్వవు. అయినా ఒక పూట వెళ్లి ఆ గోడ మీద పేరు చూసుకు రండి.