మడత సైకిలు వెనక చక్రం: పంక్చరు నుంచి స్పోకు దాకా

16 అంగుళాల మడత సైకిలు చక్రం ఒక్క చుట్టు తిరిగితే బండి సుమారు 1.3 మీటర్లు కదులుతుంది. పాల క్యాన్లు మోసే 28 అంగుళాల నల్ల సైకిలైతే అదే ఒక్క చుట్టుకు రెండుంపావు మీటర్లు పోతుంది. కిలోమీటరు దూరానికి పెద్ద చక్రం దాదాపు 445 సార్లు తిరిగితే చాలు, చిన్నది 760 సార్లు తిరగాలి. టైరు అరుగుదల ఆ లెక్కనే పెరుగుతుంది. పెద్ద చక్రం పైపైన దొర్లిపోయే గుంతలో చిన్న చక్రం దిగబడి అంచును గుద్దుకుంటుంది. తొక్కేవారి బరువులో సగానికి మించి పడేది వెనక చక్రం మీద, పెడలు బలం అందేదీ దానికే. ముందు టైరు ఇంకా కొత్తగా ఉండగానే వెనకది నున్నబడితే అందులో వింతేమీ లేదు.

మరమ్మతులో మొదటి తప్పు సాధారణంగా కొలత దగ్గరే జరుగుతుంది. టైరు మీద పెద్దక్షరాల్లో ఉండే అంగుళాల లెక్కను నమ్మితే డబ్బు దండగ. 16 అంగుళాల పేరుతోనే 305 మిల్లీమీటర్ల రిమ్ము ఉంది, 349 మిల్లీమీటర్ల రిమ్ము కూడా ఉంది. మొదటిది ఎక్కువగా పిల్లల సైకిళ్ళది. రెండోది ఆండ్రూ రిచీ 1970లలో లండన్‌లో రూపొందించిన బ్రాంప్టన్ వంటి బళ్ళది. 20 అంగుళాల్లోనూ 406, 451 అని రెండు రకాలు. రెండు జతల్లోనూ తేడా దాదాపు నాలుగున్నర సెంటీమీటర్లు. ఒకదాని టైరు ఇంకొకదానికి ఎంత లాగినా ఎక్కదు, లేదా వదులుగా వేలాడుతుంది. చూడాల్సింది టైరు పక్కగోడ మీద చిన్నగా ఉండే 35-349, 47-406 వంటి జంట అంకెలు. మొదటిది టైరు వెడల్పు, రెండోది టైరు అంచు రిమ్ము మీద కూర్చునే చోటి వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. దుకాణంలో ఆ రెండో అంకె చెప్పి అడిగితే పొరపాటు జరగదు.

గాలి విషయంలోనూ పాత అలవాటు పనికిరాదు. సన్నని చిన్న టైరులో పట్టే గాలి తక్కువ, మోయాల్సిన బరువు మాత్రం పెద్ద సైకిలుకున్నంతే. అందుకే ఒత్తిడి ఎక్కువ ఉండాలి. 35 మిల్లీమీటర్ల 349 టైర్లలో చాలావాటికి అది 65 నుంచి 100 పీఎస్‌ఐ దాకా ఉంటుంది, కచ్చితమైన హద్దు టైరు మీదే రాసి ఉంటుంది. బొటనవేలితో నొక్కి చూసి సరిపోయిందనుకుంటే సగం గాలే ఉండొచ్చు. పెట్రోలు బంకు యంత్రం మోటారు సైకిలు లెక్కన 30 చిల్లర దగ్గర ఆగిపోతుంది. ఆగకుండా కొట్టే కంప్రెసరైతే ఇంకా ప్రమాదం, ఇంత చిన్న ట్యూబు రెండు మూడు క్షణాల్లో పగలగలదు. గేజీ ఉన్న కాలి పంపు ఒకటి కొనుక్కుని వారానికోసారి చూసుకుంటే వెనక చక్రం బాధల్లో సగం దగ్గరికే రావు.

ఇక పంక్చరు. చాలామంది పొరబడేది ఇక్కడే: పంక్చరు అయిందనగానే వెనక చక్రం విప్పడానికి పానా తీస్తారు. అక్కర్లేదు. రోడ్డు పక్క మెకానిక్కు ఏ సైకిలుకీ చక్రం విప్పడు. బండిని పక్కకు వాల్చి, టైరు ఒక అంచును మాత్రం రిమ్ము మీంచి తప్పించి, ట్యూబును బయటికి లాగి, గాలి కొట్టి, బేసిన్లో నీళ్ళలో ముంచుతూ పోతాడు. బుడగలు వచ్చిన చోట గుర్తు పెట్టి అతుకు వేస్తాడు. మడత సైకిలు వెనక చక్రానికి ఇంతకన్నా తెలివైన పద్ధతి లేదు. చక్రం విప్పాల్సి వచ్చేది ట్యూబు మార్చేటప్పుడో, టైరు మార్చేటప్పుడో మాత్రమే.

అతుకు వేసే ముందు చిల్లు ఎందుకు పడిందో తెలుసుకోవాలి. రోడ్డు వైపు ఒకే చిల్లు ఉంటే ముల్లో, గాజుపెంకో, పల్లేరుకాయో కారణం. పక్కపక్కనే రెండు చీలికలుంటే గాలి తక్కువై, గుంతలో రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగిందని అర్థం. రిమ్ము వైపు చిల్లు పడితే లోపలి టేపు జరిగి స్పోకు రంధ్రం అంచో, స్పోకు కొసో గుచ్చుకుంది. వాల్వు మొదట్లో చిరిగితే గాలి లేని టైరు రిమ్ము మీద జారి వాల్వును లాగింది. ముల్లు కేసైతే టైరు లోపలంతా పాత గుడ్డతో తుడవాలి. పల్లేరు ముల్లు కొన రబ్బరులో విరిగి ఉండిపోతుంది, కంటికి కనబడదు. గుడ్డ పోగు అక్కడ పట్టుకుంటుంది. దాన్ని తీయకుండా కొత్త ట్యూబు వేస్తే వీధి చివరికి పోయేలోగా మళ్ళీ పంక్చరే.

సన్నటి ట్యూబుకు పెద్ద అతుకు వేస్తే వంపు దగ్గర అంచులు లేస్తాయి. చిన్నగా, గుండ్రంగా కత్తిరించుకోవాలి. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పల్చగా పూసి, అది ఆరి మెరుపు పోయేదాకా ఆగి, అప్పుడు గట్టిగా నొక్కాలి. తడి మీదే అంటించేస్తే ఆ అతుకు నిలవదు. టైరుకే కోత పడితే లోపల పాత టైరు ముక్కతో గేటరు వేస్తారు. ఇల్లు చేరడానికి అది చాలు, ఆ టైరుతో నెలల తరబడి నడపకూడదు.

చక్రం విప్పక తప్పనప్పుడు వరస ముఖ్యం. పానా పెట్టకముందే రెండు వైపులా ఫోను ఫొటో తీసుకోవడం మంచిది. గేర్లు బయటే ఉండే బండికి చైనును అన్నిటికన్నా చిన్న పళ్ళచక్రం మీదికి తేవాలి. గేర్లు హబ్బు లోపల ఉండే మూడు గేర్ల స్టర్మీ ఆర్చర్ రకానికి మూడో గేరు వేస్తే కేబులు వదులవుతుంది. తర్వాత ఇరుసులోంచి వచ్చే సన్నని గొలుసును కేబులు నుంచి విడదీసి, చైను టెన్షనరు తీసి, గాలి మొత్తం వదలాలి. లేకపోతే టైరు బ్రేకు రబ్బర్ల మధ్య ఇరుక్కుంటుంది. ఇరుసు తిరగకుండా ఆపే కొక్కెం వాషర్లు ఏ వైపు ఎలా ఉన్నాయో అలాగే తిరిగి పెట్టాలి. ఆ చిన్న గొలుసు సర్దుబాటు తప్పితే తొక్కుతుండగా గేరు జారి పెడలు ఒక్కసారిగా ఖాళీగా తిరుగుతుంది. ట్రాఫిక్‌లో అది పడేసే ప్రమాదం.

టైరు ఎక్కించడంలో కిటుకంతా రిమ్ము నడుమ ఉండే గాడిలో ఉంది. వాల్వుకు ఎదురు వైపు మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాలి. ఎక్కిన అంచును ఆ గాడిలోకి నొక్కుతూ వస్తే చివరి భాగం చేతులతోనే ఎక్కుతుంది, లీవరుతో ట్యూబును పొడుచుకోనక్కర్లేదు. కొద్దిగా గాలి కొట్టి, ట్యూబు ఎక్కడా అంచు కింద నలగలేదని చుట్టూ చూసి, ఆ తర్వాతే పూర్తి ఒత్తిడికి పోవాలి. టైరు మీద రిమ్ము పక్కన ఉండే సన్నని గీత అంతటా ఒకే ఎడంలో కనిపిస్తే టైరు సరిగ్గా కూర్చున్నట్టు.

స్పోకుల పని కాస్త ఓపిక కోరుతుంది. చిన్న చక్రంలో స్పోకులు పొట్టివి, రిమ్ము దగ్గర వాలు ఎక్కువ. వదులైన స్పోకు హబ్బు వంపు దగ్గరో, రిమ్ము దగ్గరో తెగుతుంది. ఒకే వైపు స్పోకులను వేలితో మీటి చూస్తే వదులుది మందంగా మోగుతుంది. దాన్ని బిగించేటప్పుడు రిమ్ము దగ్గర స్పోకు కొసకు ఉండే చిన్న నట్టును, అంటే నిపులును, పావు చుట్టుకు మించి ఒకేసారి తిప్పకూడదు. అదే వైపు స్పోకులు వరసగా తెగుతుంటే చక్రం మొత్తం మళ్ళీ అల్లించాలి, ఒక్కొక్కటే మార్చడం వృథా. రిమ్ము బ్రేకులున్న బండికి రిమ్ము పక్కగోడ కూడా అరుగుతుంది. అది లోపలికి గుంటపడిందని వేలికి తగిలితే ఇక మరమ్మతు లేదు, రిమ్ము మార్చాల్సిందే.

349 ట్యూబు మన వీధి సైకిలు షాపుల్లో దొరకడం అరుదు. అలాంటి బండి ఉన్నవాళ్ళు సరైన అంకె ట్యూబు ఒకటి, రెండు టైరు లీవర్లు, ఇరుసు నట్టుకు సరిపోయే పానా సీటు కింద సంచిలో ఉంచుకోవాలి.