డబ్బాలో 200, ఒంటికి ఎంత?

కువైట్‌లోని మిష్రిఫ్ జమియాలో (సహకార దుకాణంలో) బ్లూబెర్రీల డబ్బా చేతికి తీసుకునేలోపే, "పీసీఓఎస్‌కి మంచిదట, గర్భసంచికి బలమట" అన్న మాట వాట్సాప్‌లో మన ఆడవాళ్లను చేరి ఉంటుంది. ఆ మాటలో ఎంత నిజముందో అంకెలతో తూచి చూద్దాం.

163: వంద గ్రాముల బ్లూబెర్రీల్లో వాటికి రంగునిచ్చే ఆంథోసయనిన్లు సుమారు ఇన్ని మిల్లీగ్రాములని అమెరికా వ్యవసాయ శాఖ లెక్క. స్ట్రాబెర్రీల్లో 27 దాకా ఉంటాయి. 125 గ్రాముల డబ్బాకు దాదాపు 200 అన్నమాట. నేరేడుపళ్లు తింటే నాలుక ఊదా రంగుకు తిరిగేది ఈ జాతి రంగుల వల్లే. వంకాయ తొక్కలోనూ ఇవే ఉంటాయి.

12: తిన్నదంతా ఒంటికి పట్టదు. 2013లో బ్రిటన్ పరిశోధకులు గుర్తుపట్టగల కార్బన్ చేర్చిన ఆంథోసయనిన్ 500 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే, విడిపోయిన ముక్కలతో కలిపి ఒంటికి అందింది సుమారు 12 శాతమే. తీసుకున్నవాళ్లు ఎనిమిది మంది, అందరూ మగవాళ్లే!

93,600: అమెరికాలో ఇంతమంది నర్సులను 18 ఏళ్లు గమనించారు. ఆంథోసయనిన్లు ఎక్కువ తిన్నవారిలో గుండెపోటు ముప్పు 32 శాతం తక్కువగా కనిపించింది. అయితే ఇది గుండె లెక్క, గర్భసంచిది కాదు. పైగా పళ్లు బాగా తినేవారికి మిగతా మంచి అలవాట్లూ ఉండొచ్చు.

10–13: పునరుత్పత్తి వయసులో ఉన్న మహిళల్లో ఇంత శాతానికి పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ల్యాబుల్లో, జంతువుల్లో ఈ రంగులు వాపును, ఇన్సులిన్ సరిగా పనిచేయని ఇబ్బందిని కొంత తగ్గించాయి. మనుషుల మీద పెద్ద పరీక్షలు మాత్రం లేవు. 2023 నాటి అంతర్జాతీయ పీసీఓఎస్ మార్గదర్శకాలు ఫలానా ఆహారమే మేలని తేల్చలేదు.

400: గర్భం కోసం చూస్తున్నవారు రోజూ తీసుకోవాల్సిన ఫోలిక్ యాసిడ్ ఇన్ని మైక్రోగ్రాములు. దాని బదులు బెర్రీ మాత్రలు వేసుకుంటే సరిపోదు. పైగా ఆ మాత్రల్లోని ఆంథోసయనిన్లు పాలీఫెనాల్స్ కుటుంబానివి. ఆఖరి మూడు నెలల్లో ఈ పాలీఫెనాల్స్ మరీ ఎక్కువైతే కడుపులోని బిడ్డ గుండె దగ్గరి ఒక రక్తనాళం కుంచించుకుపోవచ్చని బ్రెజిల్ పరిశోధకులు హెచ్చరించారు. గుప్పెడు పళ్లకు భయపడక్కర్లేదు గానీ, గాఢంగా తీసిన సారాల మాత్రలు డాక్టర్ని అడగకుండా వాడొద్దు.

70: పీసీఓఎస్ ఉన్నవారిలో ఇంత శాతం దాకా మందికి ఆ సంగతే తెలియదు. అందుకే డబ్బా మీది అంకె కంటే ఇంట్లో క్యాలెండర్ మీది అంకె ముఖ్యం. పెద్దవారిలో నెలసరికీ నెలసరికీ మధ్య పదేపదే 35 రోజులు దాటుతుంటే, లేదా ఏడాదికి ఎనిమిదిసార్ల కంటే తక్కువ వస్తుంటే, ముందు క్లినిక్కి వెళ్లాలి. వచ్చేటప్పుడు జమియాలో ఆగి, ఇష్టమైతే బెర్రీలు కొనుక్కోవచ్చు.