అపోహలు – వాస్తవాలు: పార్లమెంటులో మన ఎంపీ ఓటు ఎటు పడింది?

ఎన్నికలొస్తే మైకు పట్టుకున్న ప్రతి ఎంపీ నోటా ఒకటే మాట: "ఆ బిల్లును పార్లమెంటులో గట్టిగా వ్యతిరేకించాను." అవతలి పక్షం అదే బిల్లును చూపించి "ఓటేసి మన ప్రాంతాన్ని ముంచింది వీళ్లే" అంటుంది. ఇదంతా ఇప్పుడు అరనిమిషం వీడియోలుగా, పోస్టర్లుగా ఫోన్లలోకి వచ్చి పడుతోంది. వీటిలో చాలావాటిని సరిచూసుకునే వీలే ఓటరుకు లేదు. ఎందుకు లేదో చాలామందికి తెలియదు.

అపోహ: ఏ ఎంపీ ఏ బిల్లుకు ఎలా ఓటేశారో రికార్డుల్లో ఉంటుంది.

చాలా బిల్లుల విషయంలో ఉండదు. మామూలు బిల్లులు ఎక్కువగా మూజువాణి ఓటుతోనే గట్టెక్కుతాయి. అనుకూలురు "అవును" అంటారు, వ్యతిరేకులు "కాదు" అంటారు. ఏ పక్షానిది పైచేయో స్పీకర్ ప్రకటిస్తారు. పేర్లు రాసుకోరు, తలలు లెక్కపెట్టరు. స్పీకర్ ప్రకటనను ఎవరైనా సవాలు చేసి డివిజన్ అడిగితేనే లెక్క మొదలవుతుంది. అప్పుడు మూడున్నర నిమిషాల పాటు గంటలు మోగుతాయి, లాబీల తలుపులు మూస్తారు, సభ్యులు ఎవరి సీట్లో వాళ్లు కూర్చుని బటన్ నొక్కుతారు. ఆకుపచ్చ అనుకూలం, ఎరుపు వ్యతిరేకం, పసుపు తటస్థం. ఎవరు ఎటు ఓటేశారో పేర్లతో సహా సభా చర్చల పాఠంలోకి ఎక్కేది అలాంటప్పుడే.

తెలుగువాళ్ల బతుకుల్ని అన్నిటికంటే ఎక్కువగా మార్చిన చట్టాన్నే తీసుకోండి. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో ప్రవేశపెట్టినప్పుడు మిరియాల స్ప్రే ప్రయోగం దాకా వెళ్లింది. పలువురు సీమాంధ్ర సభ్యుల్ని సస్పెండ్ చేశారు. ఫిబ్రవరి 18న లోక్‌సభ దాన్ని ఆమోదించింది, అదీ మూజువాణి ఓటుతో. ఆ సమయంలో టీవీలో ప్రత్యక్ష ప్రసారం కూడా నిలిచిపోయింది. రెండు రోజుల తర్వాత రాజ్యసభలోనూ మూజువాణి ఓటే. ఒక రాష్ట్రం రెండైంది. అందుకు 'అవును' అన్న ఎంపీలెవరో, 'కాదు' అన్న ఎంపీలెవరో చెప్పే జాబితా మాత్రం లేదు. "విభజనకు ఓటేసింది వీళ్లే" అనో, "తెలంగాణకు ఓటేసింది మేమే" అనో ఎవరన్నా ఆ మాటకు ఆధారం పార్టీల ప్రకటనలు, సభలోని ప్రసంగాలే. బటన్ నొక్కిన లెక్క ఎవరి దగ్గరా లేదు. అటువారికైనా ఇటువారికైనా ఇది న్యాయం కాదు.

సాగు చట్టాల సంగతీ ఇంతే. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో ప్రతిపక్షాలు డివిజన్ కావాలని పట్టుబట్టాయి. గందరగోళం మధ్య బిల్లులు మూజువాణి ఓటుతోనే గడిచాయి. రైతులు ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాదికి పైగా బైఠాయించాక, 2021 నవంబరు 29న అవే చట్టాల రద్దు బిల్లును ఉభయ సభలూ చర్చ లేకుండా మళ్లీ మూజువాణి ఓటుతో ముగించాయి. తెచ్చేటప్పుడు ఎవరి చేయి పైకి లేచిందో, తీసేసేటప్పుడు ఎవరి చేయి లేచిందో రైతుకు తెలిసే దారి లేదు. లోక్‌సభలో ఓట్లు నమోదు చేసే యంత్రం 1957 నుంచీ ఉంది. కనీసం బిల్లు తుది ఆమోదం దగ్గరైనా దాన్ని తప్పనిసరి చేయకపోవడానికి నాకు ఒక్క సరైన కారణం కనిపించదు.

రాజ్యాంగ సవరణలు మాత్రం ఇందుకు మినహాయింపు. వాటికి ప్రత్యేక మెజారిటీ కావాలి కాబట్టి లెక్క తేలాల్సిందే. అందుకే 2023 సెప్టెంబరు 20న మహిళా రిజర్వేషన్ బిల్లుకు లోక్‌సభలో 454 మంది అనుకూలమని, ఇద్దరు వ్యతిరేకమని మనకు తెలుసు. ఆ ఇద్దరూ మజ్లిస్ సభ్యులే: హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ, అప్పటి ఔరంగాబాద్ ఎంపీ ఇంతియాజ్ జలీల్. ఓటు మాత్రమే చూపించి "మహిళలకు వ్యతిరేకులు" అని పోస్టరు వేయడం తేలిక. ఓబీసీ, ముస్లిం మహిళలకు ఉపకోటా లేదన్నది వాళ్లు చెప్పిన కారణం. ఆ వాదనను ఒప్పుకోవచ్చు, తిప్పికొట్టవచ్చు. కానీ ఓటుతో పాటు ప్రసంగం కూడా చదవకుండా తీర్పు చెప్పకూడదు. అలాగే "33 శాతం తెచ్చేశాం" అన్న పోస్టరు చూసినవాళ్లు ఆ చట్టం పాఠం కూడా చూడాలి. జనగణన, ఆ తర్వాత నియోజకవర్గాల పునర్విభజన జరిగాకే కోటా అమలు అని అందులోనే రాశారు.

అపోహ: ప్రత్యేక హోదా విభజన చట్టంలోనే ఉంది.

లేదు. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ చేసిన ప్రకటనలో ఉంది. పదమూడు జిల్లాల ఆంధ్రప్రదేశ్‌కు అయిదేళ్లు హోదా ఇస్తామని ఆయన సభాముఖంగా చెప్పారు. సభలో ప్రధాని ఇచ్చిన హామీకి నైతిక బలం తక్కువేమీ కాదు, దాన్ని నిలబెట్టుకోవాలని అడగడం పూర్తిగా సబబే. కానీ చట్టంలోని సెక్షనుగా అది లేదు కాబట్టి దాని మీద సభలో ఎవరూ ఓటేయలేదు. పోలవరం బాధ్యత వేరు, దాన్ని జాతీయ ప్రాజెక్టుగా చట్టమే ప్రకటించింది. ఈ తేడా చెప్పకుండా రెంటినీ ఒకే గాటన కట్టి ప్రచారం చేయడం వల్ల నష్టపోయింది హోదా అడిగే జనమే.

అపోహ: వాకౌట్ చేశారంటే వ్యతిరేకంగా ఓటేసినట్టే.

ఈ అపోహే అన్నిటికంటే ఎక్కువ మందిని మోసం చేస్తోంది. సభలో ఉండి ఓటేసినవారిలో సగానికి మించి ఎటుంటే అటే నిర్ణయం. బయటికి నడిచిన ప్రతి సభ్యుడూ గెలవడానికి కావాల్సిన సంఖ్యను తగ్గించి వెళ్తాడు. 2019 జులై 30న రాజ్యసభలో ముమ్మారు తలాక్ బిల్లు దగ్గర ఏం జరిగిందో చూడండి. సభలో ప్రభుత్వానికి సొంతంగా మెజారిటీ లేదు. అన్నాడీఎంకే, జేడీయూ వాకౌట్ చేశాయి, టీఆర్‌ఎస్ ఓటింగులో పాల్గొనలేదు. బిల్లు 99–84 తేడాతో నెగ్గింది. దాదాపు 240 మంది ఉన్న సభలో 99 ఓట్లు సరిపోయాయి. బిల్లు మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. సభ బయట మీడియా ముందు "మేం వ్యతిరేకం" అని చెప్పి, లోపల సీటు ఖాళీగా వదిలితే ఆ ఖాళీ సీటు బిల్లు నెగ్గడానికే పనికొస్తుంది.

రాజీనామాకూ ఇదే వర్తిస్తుంది. హోదా కోసం అయిదుగురు వైఎస్సార్‌సీపీ లోక్‌సభ సభ్యులు 2018 ఏప్రిల్‌లో రాజీనామా చేశారు, జూన్‌లో అవి ఆమోదం పొందాయి. జులై 20న టీడీపీ పెట్టిన అవిశ్వాస తీర్మానం ఓటింగుకు వచ్చింది. 126 మంది అనుకూలం, 325 మంది వ్యతిరేకం. ఆ రోజు ఆ అయిదు ఓట్లూ సభలో లేవు. ఉన్నా ఫలితం మారేది కాదు, నిజమే. కానీ తీర్మానం పెట్టిన టీడీపీ కూడా అంతకు ముందు దాదాపు నాలుగేళ్లు అదే ప్రభుత్వంలో భాగస్వామి. ఏ పార్టీ ఎప్పుడు సభలో ఉందో, ఎటు కూర్చుందో తేదీలతో సహా అడిగితేనే జవాబు తేలుతుంది.

అపోహ: విప్ ధిక్కరిస్తే పదవి వెంటనే ఊడుతుంది.

1985లో 52వ సవరణతో వచ్చిన పదో షెడ్యూలు ప్రకారం, పార్టీ ఆదేశానికి (విప్‌కు) విరుద్ధంగా ఓటేసినా, ఓటింగుకు రాకపోయినా అనర్హత వేటు పడొచ్చు. పడి తీరుతుందని లేదు. పదిహేను రోజుల్లోగా పార్టీ క్షమించేయవచ్చు. లేదంటే ఫిర్యాదు రావాలి, స్పీకర్ విచారించాలి. అందుకు చట్టంలో గడువు లేదు. తెలంగాణ ఎమ్మెల్యేల ఫిరాయింపుల కేసులో 2025 జులై 31న సుప్రీంకోర్టు మూడు నెలల్లో తేల్చమని స్పీకర్‌ను ఆదేశించాల్సి వచ్చింది. 1990లో దినేశ్ గోస్వామి కమిటీ విప్ ధిక్కరణకు వేటును విశ్వాస, అవిశ్వాస తీర్మానాలకే పరిమితం చేయమంది. అది అమలు కాలేదు. అందుకే బిల్లును లోపల తప్పుపట్టి మాట్లాడిన సభ్యుడు కూడా ఓటింగు దగ్గరకొచ్చేసరికి పార్టీ చెప్పిన బటనే నొక్కుతాడు. ప్రసంగం విని ఓటు అలాగే ఉంటుందని అనుకోకూడదు.

రాష్ట్రపతి ఎన్నికలో మాత్రం రహస్య బ్యాలెట్, అక్కడ విప్ చెల్లదు. ఎవరికి ఓటేశామని ఎంపీ చెప్పుకున్నా రుజువు ఉండదు.

అపోహ: సభలో ఓటుకు లంచం తీసుకున్నా కోర్టు ఏమీ చేయలేదు.

పాతికేళ్లకు పైగా ఇదే చట్టం. ఇప్పుడు కాదు. 1993 జులై 28న పీవీ నరసింహారావు ప్రభుత్వం అవిశ్వాసాన్ని 265–251తో దాటింది. జార్ఖండ్ ముక్తి మోర్చా సభ్యులు కొందరు డబ్బు తీసుకుని ప్రభుత్వానికి ఓటేశారన్న కేసు సుప్రీంకోర్టుకు చేరింది. 1998లో ముగ్గురు న్యాయమూర్తులు ఒక వైపు, ఇద్దరు మరో వైపు నిలిచిన తీర్పులో రాజ్యాంగం 105వ అధికరణ ఓటేసినవారిని కాపాడుతుందని తేల్చారు. ఆ తీర్పు ప్రకారం లంచం పుచ్చుకుని చెప్పినట్టే ఓటేస్తే రక్షణ, పుచ్చుకుని ఓటేయకపోతే విచారణ. (కింది కోర్టు దోషిగా తేల్చిన పీవీని 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషిగా విడుదల చేసింది.) 2024 మార్చి 4న సీతా సోరెన్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పాత తీర్పును ఏకగ్రీవంగా కొట్టేసింది. లంచం తీసుకున్న క్షణంలోనే నేరం పూర్తయినట్టు, ఓటు ఎటు వేశారన్నది అనవసరం.

అపోహ: హాజరు ఎక్కువుంటే పనిచేసే ఎంపీ.

హాజరు నమోదు చేసుకున్నారన్న సంగతి మాత్రమే ఆ శాతం చెబుతుంది. ఆ తర్వాత ఎంతసేపు కూర్చున్నారో, ఓటింగు వేళ ఉన్నారో చెప్పదు. మంత్రులు హాజరే నమోదు చేసుకోరు. "ప్రైవేటు బిల్లు పెట్టాను" అన్న పోస్టులనూ ఇలాగే చూడాలి. స్వాతంత్ర్యం వచ్చాక చట్టంగా మారిన ప్రైవేటు బిల్లులు పద్నాలుగే, చివరిది 1970లో.

అపోహ: టీవీలో స్క్రోల్ అయిన అంకెలే తుది లెక్క.

స్పీకర్ ఫలితం ప్రకటించేటప్పుడే "సవరణలకు లోబడి" అని చెబుతారు. బటన్ సరిగ్గా పనిచేయనివారు, పొరపాటున మరొకటి నొక్కినవారు రంగు స్లిప్పులపై రాసిస్తారు. 2024 డిసెంబరు 17న జమిలి ఎన్నికల బిల్లును ప్రవేశపెట్టేటప్పుడు యంత్రం 220–149 చూపించింది. స్లిప్పులు కలిపాక అది 269–198 అయింది. మొదటి అంకెతో పోస్టు పెట్టినవారి లెక్కలో దాదాపు వందమంది ఎంపీలు లేనట్టే. డివిజన్ జరిగిన ప్రతిసారీ పేర్ల జాబితా పార్లమెంటు వెబ్‌సైటులో సభా చర్చల పాఠంలో దొరుకుతుంది. తేదీ తెలిస్తే చాలు. మీ ఎంపీ పేరు అనుకూలుర వరుసలో ఉందో, వ్యతిరేకుల వరుసలో ఉందో, తటస్థుల వరుసలో ఉందో, ఏ వరుసలోనూ లేదో వెతకండి. ఏ వరుసలోనూ లేకపోతే ఆ రోజు ఎక్కడున్నారని ఈసారి ఊళ్లోకి వచ్చినప్పుడు అడగండి.