ట్యాబ్‌లో వైరస్ ఉందంటూ బెదిరిస్తే...

సీరియల్ పాత ఎపిసోడ్ కోసం వెతుకుతూ ఏదో లింకు నొక్కగానే ట్యాబ్ తెరంతా ఎర్రబడుతుంది. ‘మీ శాంసంగ్ ట్యాబ్‌లో 13 వైరస్‌లున్నాయి. రెండు నిమిషాల్లో శుభ్రం చేయకపోతే ఫొటోలన్నీ పోతాయి’ అని హెచ్చరిక. కింద సెకన్లు తరిగిపోతుంటాయి. ట్యాబ్ పేరు సరిగ్గానే చెప్పింది కాబట్టి నిజమేననిపిస్తుంది. విదేశాల్లో ఉన్న పిల్లలతో వీడియో కాల్ మాట్లాడుకోవడానికే ట్యాబ్ వాడే పెద్దవాళ్లకైతే కాళ్లూ చేతులూ ఆడవు.

ఆ పేజీకి ట్యాబ్ లోపల ఏముందో తెలిసే అవకాశమే లేదు. ఏ సైటు తెరిచినా మనది ఏ రకం పరికరమో బ్రౌజర్ దానికి చెబుతుంది. చాలాసార్లు మోడల్ పేరు కూడా తెలిసిపోతుంది. ఐపీ అడ్రస్‌ను బట్టి ఊరు సుమారుగా పసిగట్టవచ్చు. అంతకుమించి లోపలి ఫైళ్లను స్కాన్ చేసే వీలు బ్రౌజర్ ఏ సైటుకూ ఇవ్వదు. 13 వైరస్‌ల లెక్క చూసి చెప్పింది కాదు, ముందే రాసిపెట్టుకున్నది.

2017లో ఐఫోన్లు, ఐప్యాడ్‌లు వాడేవారిని ఇలాగే బెదిరించారు. సఫారీలో ఒక డబ్బా కనిపించేది, ‘ఓకే’ నొక్కితే మళ్లీ అదే వచ్చేది. బ్రౌజర్‌కు తాళం పడిందనీ, ఐట్యూన్స్ గిఫ్ట్ కార్డు కోడ్ పంపితేనే తెరుస్తామనీ డబ్బు గుంజారు. నిజానికి ఏ తాళమూ పడలేదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి సఫారీ డేటా చెరిపేస్తే చాలు, బ్రౌజర్ మామూలైపోయేది. ఆ ఏడాది మార్చిలో వచ్చిన ఐఓఎస్ 10.3తో యాపిల్ ఆ లోపాన్ని సరిచేసింది.

ఇప్పుడు వచ్చే పాప్-అప్‌లకూ మందు దాదాపు అదే. ఆ పేజీలో దేన్నీ నొక్కకూడదు. మూలన కనిపించే ఇంటూ గుర్తు కూడా చాలాసార్లు మరో లింకే. ముందు వైఫై ఆపాలి, సిమ్ ఉంటే మొబైల్ డేటా కూడా. తెర అంచు నుంచి వేలితో జరిపి హోమ్‌కు వచ్చి, బ్రౌజర్‌ను పూర్తిగా మూసేయాలి. మళ్లీ తెరవగానే ఆ పేజీని తీసేయాలి. ఐప్యాడ్‌లో అయితే సెట్టింగ్స్‌లో సఫారీకి వెళ్లి ‘క్లియర్ హిస్టరీ అండ్ వెబ్‌సైట్ డేటా’ నొక్కాలి. కొత్త వెర్షన్లలో సఫారీ ‘యాప్స్’ కింద ఉంటుంది. దీనివల్ల కొన్ని సైట్లలో మళ్లీ లాగిన్ కావాల్సి రావచ్చు, అంతే. అక్కడే ఉన్న ‘బ్లాక్ పాప్-అప్స్’, ‘ఫ్రాడ్యులెంట్ వెబ్‌సైట్ వార్నింగ్’ రెండూ ఆన్‌లో ఉండాలి.

పేజీ మూసేసినా రోజూ హెచ్చరికలు వస్తూనే ఉంటే అది వేరే సంగతి. ‘మీరు రోబోట్ కాదని నిరూపించడానికి అలో నొక్కండి’ అని ఏదో సైటు అడిగి ఉంటుంది, ఇంట్లో ఎవరో నొక్కి ఉంటారు. ఆ ఒక్క నొక్కుతో నోటిఫికేషన్లు పంపే అనుమతి దానికి దొరికింది. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో క్రోమ్ మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ వరుసగా తెరిస్తే అనుమతి పొందిన సైట్ల జాబితా కనిపిస్తుంది. ముక్కూ మొహం తెలియని ప్రతి పేరునూ బ్లాక్ చేయాలి. ఐప్యాడ్‌లో ఇలాంటి హెచ్చరికలు క్యాలెండర్ నుంచి వస్తుంటే, క్యాలెండర్ల జాబితాలో ఆ కొత్త పేరు వెతికి డిలీట్ చేయాలి.

బ్రౌజర్ తెరవకపోయినా హోమ్ స్క్రీన్ మీద ప్రకటనలు వచ్చి పడుతుంటే, ఇటీవల వేసుకున్న ఏదో యాప్‌ను అనుమానించాలి. టార్చ్, క్లీనర్, వాల్‌పేపర్ వంటివాటిని ముందు చూడాలి. అక్కర్లేనివి తీసేసి, ప్లే స్టోర్‌లోని ప్లే ప్రొటెక్ట్‌తో ఒకసారి స్కాన్ చేయించాలి.

అన్నిటికన్నా ప్రమాదం తెర మీద ఫోన్ నంబరు ఇచ్చే పాప్-అప్‌లతో. 2023 అక్టోబరులో సీబీఐ ‘ఆపరేషన్ చక్ర-2’ పేరుతో దేశవ్యాప్తంగా 76 చోట్ల సోదాలు చేసింది. పేరున్న కంపెనీల హెచ్చరికల్లా కనిపించే పాప్-అప్‌లు పంపి, ఆ నంబరుకు ఫోన్ చేసిన విదేశీయుల నుంచి డబ్బు లాగిన కాల్ సెంటర్లు ఆ కేసుల్లో ఉన్నాయి. ఫోన్ చేస్తే అవతలివాళ్లు ఎంతో మర్యాదగా మాట్లాడి ఎనీడెస్క్ లాంటి యాప్ వేసుకోమంటారు. వేసుకుంటే దొంగ చేతికి ఇంటి తాళాలు ఇచ్చినట్టే. తెర మీద మనం చేసే ప్రతి పనీ, వచ్చే ఓటీపీ వాళ్లకు కనిపిస్తుంది.

అలాంటి యాప్ వేసుకున్నట్టయితే వెంటనే ఇంటర్నెట్ ఆపి దాన్ని తీసేయాలి. మరో ఫోన్ నుంచి పాస్‌వర్డులు మార్చుకుని బ్యాంకుకు చెప్పాలి. డబ్బు పోయిందంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఆ నిమిషమే ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే, సొమ్ము చేతులు మారకముందే ఆపించే వీలు అంత ఎక్కువ. తిడతారన్న భయంతో పెద్దవాళ్లు ఈ విషయాన్ని దాచుకుంటే విలువైన ఆ కాస్త సమయం పోతుంది. ‘తెర ఎర్రబడితే ముందు మాకు ఫోన్ చేయండి, ఏమీ అనం’ అని ఇంట్లోవాళ్లు వాళ్లకు ఇవాళే చెప్పి, క్రోమ్‌లో నోటిఫికేషన్ల అనుమతి పొందిన సైట్ల జాబితాను పక్కన కూర్చుని ఒకసారి చూసిపెట్టాలి.