పసుపు ఆకు తుంచితే పల్లాకు పోదు



కృష్ణా డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు చేలో మినుము చల్లుకోవడం మనకు అలవాటు. పైరు మొలిచి నెల తిరిగేలోగా లేత ఆకులమీద పసుపు మచ్చలు కనబడితే అది పల్లాకు తెగులు. “ఆ ఆకులు తుంచేస్తే పోదా? మందు కొడితే మళ్ళీ పచ్చబడదా?” అని కొందరు అడుగుతారు. రెండూ జరగవు. ఎందుకో చూద్దాము.

ఈ తెగులుకు కారణం వైరస్. దానిని మోసుకొచ్చేది తెల్లదోమ. దోమ తన సన్నని ముట్టెను ఆకులోని ఆహారనాళాల దాకా గుచ్చి రసం పీల్చేటప్పుడు వైరస్ లోపలికి దిగుతుంది. అక్కడ కణంలో చేరి, ఆ కణం చేతనే తనవంటి వాటిని లెక్కలేనన్ని తయారు చేయించుకుంటుంది. కణానికీ కణానికీ నడుమ కంటికానని సన్నని దారులున్నవి. వాటిగుండా పక్క కణంలోకి పోతుంది. ఇది నెమ్మది నడక. ఆహారనాళంలో పడితే మాత్రం కాలువలో పడిన గుర్రపుడెక్క మాదిరే, ప్రవాహం ఎటైతే అటు. ముదురు ఆకులు తయారుచేసే ఆహారం వేళ్ళకూ, చిగుళ్ళకూ పోతుంది గదా! వైరసూ అక్కడికే చేరుతుంది. అందుకే దోమ కుట్టిన ముదురాకు పచ్చగానే వుండి, తర్వాత వచ్చిన చిగురాకు పసుపు బారుతుంది.

జాఫ్రీ శామ్యూల్ అనే శాస్త్రజ్ఞుడు 1934లో టమాటా మొక్కలమీద ఈ ప్రయాణాన్ని పరీక్షించి చూపాడు. ఆయన ఒక్క ఆకుకు పొగాకు మొజాయిక్ వైరస్ అంటించి, రోజు రోజుకూ మొక్కలను ముక్కలుగా కోసి పరీక్షించాడు. వైరస్ ముందు వేళ్ళకు, ఆపైన చిగురుకు, చివరకు ముదురాకులకు చేరింది. అది వేరే వైరస్ అయినా నేర్పే పాఠం ఒకటే: గుర్తు కనబడేనాటికి జబ్బు మొక్కంతా పాకి వుంటుంది.

కాబట్టి తొలిదశలో అక్కడక్కడ కనబడిన తెగులు మొక్కలను వేళ్ళతో సహా పీకి నాశనం చేయండి. వుంచితే దోమకు అది వైరస్ గాదె. పురుగుమందు దోమను చంపుతుందే గాని మొక్కలోని వైరస్‌ను చంపదు. లాం, ఘంటసాల పరిశోధనా స్థానాలు తెగులును తట్టుకునే మినుము రకాలను రూపొందించాయి. అటువంటి రకం ఎంచుకొని, కిలో విత్తనానికి 5 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్.ఎస్. పట్టించి చల్లండి. గట్లమీద కలుపు తీయండి. పూత రాకముందే తెగులు సోకిన మొక్కకు కాయ నిలవడం కష్టం. జాగ్రత్త పడవలసింది పసుపు కనబడక ముందే.