పోసిన నీళ్లు ఎటు పోతున్నాయి?

వ్యాన్ల వెనక హీటరు గొట్టాల్లో కంటపడని లీకు

శ్రీముఖలింగం: మహాశివరాత్రి వచ్చిందంటే వంశధార ఒడ్డున ఉన్న ఈ ఊరి దారులన్నీ బండ్లతో నిండిపోతాయి. నరసన్నపేట వైపు నుంచి కొన్ని, హిరమండలం వైపు నుంచి కొన్ని. మధుకేశ్వరుని, సోమేశ్వరుని, భీమేశ్వరుని దర్శించుకునేవారిని, ఆ తరువాత చక్రతీర్థ స్నానానికి వచ్చేవారిని చేరవేసే వ్యాన్ల వారికి ఆ నాలుగు రోజులే పంట. అలాంటి రోజున నడిదారిలో బండి ముందు భాగం నుంచి ఆవిరి లేచిందంటే ఆ పూట సంపాదన పోయినట్టే. ఇంజను పట్టేసిందా, వాయిదా కట్టవలసిన డబ్బు కాస్తా మెకానిక్ షెడ్డు పాలవుతుంది.

అలా ఆగిన బండి డ్రైవరును అడిగితే "మొన్న నీళ్లు పోశాను, నిన్నా పోశాను" అంటాడు. చిక్కంతా ఆ మాటలోనే ఉంది. రేడియేటరు నీళ్లు మూసిన దారిలో తిరిగేవే తప్ప ఖర్చయ్యేవి కావు. వారం వారం పోయవలసి వస్తోందంటే ఎక్కడో లీకు ఉన్నదని అర్థం. దాన్ని వెతకకుండా పోస్తూ పోవడం చిల్లికుండతో నీళ్లు మోయడమే.

ఎవరూ చూడని చోటు

నీళ్లు తగ్గితే రేడియేటరు, పంపు, పై గొట్టం, కింది గొట్టం అందరూ చూస్తారు. హీటరు సంగతి చాలామందికి తట్టదు. ఇంజను నుంచి వేడినీళ్లు ఒక గొట్టంలో డాష్‌బోర్డు వెనక ఉన్న చిన్న రేడియేటరులోకి వెళ్లి, మరో గొట్టంలో తిరిగి వస్తాయి. దాని మీదుగా ఫ్యాను గాలి తోలితే బండి లోపల వెచ్చగా ఉంటుంది. పొడవాటి బండ్లు కొన్నింటిలో వెనక సీట్ల వారి కోసం రెండో హీటరు కూడా ఉంటుంది. దాని గొట్టాలు బండి అడుగున ముందు నుంచి వెనక దాకా పోతాయి.

మన జిల్లాలో హీటరుతో పనేమిటని అనిపించవచ్చు. శీతాకాలంలో అల్లూరి సీతారామరాజు జిల్లా లంబసింగికో, అరకుకో పోతే తప్ప దాని మీట తిప్పేవారు అరుదు. కాని మీట తిప్పకపోయినా చాలా బండ్లలో ఆ గొట్టాల నిండా నీళ్లుంటాయి, ఇంజను వేడెక్కితే ఒత్తిడీ ఉంటుంది. అడుగున ఉన్న ఇనుప గొట్టాలకు రాళ్లు తగులుతాయి, వానాకాలపు బురద అంటుకుంటుంది. తీరప్రాంతపు ఉప్పుగాలి తోడైతే తుప్పు ఇంకా త్వరగా తినేస్తుంది. సూదిబెజ్జం పడితే చాలు. బండి నడుస్తుండగా కారిన బొట్టు రోడ్డు మీదే ఆరిపోతుంది. నిలిపిన చోట మరక కూడా కనబడకపోవచ్చు.

పట్టుకునే తీరు

సాయంత్రం బండిని నిలిపాక దాని కింద ముందు నుంచి వెనక దాకా పాత కాగితాలు పరచాలి. తెల్లవారి చూస్తే తడి ఎక్కడ పడిందో తెలుస్తుంది. ఏసీ నుంచి పడేది రంగులేని మామూలు నీరు. కూలెంటుకు రంగు ఉంటుంది, వేళ్లకు జిడ్డుగా తగులుతుంది. వెనక సీటు కింద తివాచీ తడిసినా, లోపల తియ్యటి వాసన వచ్చినా, అద్దాలకు లోపలివైపు జిడ్డు పట్టినా హీటరును అనుమానించాలి. అతుకుల దగ్గర పొలుసులా రంగు మరక కట్టి ఉంటే అక్కడే కారుతున్నట్టు. అప్పటికీ దొరక్కపోతే, చేతిపంపుతో ఒత్తిడి పెట్టి చూసే పరికరం ఉన్న షెడ్డుకు పోవాలి.

బయట ఎక్కడా తడి లేదు, నీళ్లు తగ్గుతున్నాయి, పొగ తెల్లగా వస్తోంది, ఇంజను ఆయిలు పాలు కలిపినట్టు మారింది అంటే అది హెడ్ గ్యాస్కెట్ జబ్బు కావచ్చు. ఆ బండిని ఇక నడపరాదు.

బాగుచేసే తీరు

అతుకు దగ్గర కారితే క్లిప్పు బిగించడమో, మార్చడమో చేస్తే సరి. రబ్బరు గొట్టం ఉబ్బినా, పగుళ్లు వేసినా వేడికి ఆగే హీటరు గొట్టమే వేయాలి. తోటకు నీళ్లు కట్టే పైపు, చుట్టిన సైకిలు ట్యూబు షెడ్డు దాకా చేరడానికే. ఇనుప గొట్టం తుప్పు తింటే ఒక చోట అతికినా పక్కన మరోచోట కారుతుంది గనుక మొత్తం మార్చడం మేలు.

వెనక హీటరుతో అసలు పనే లేదనుకునేవారికి చవక మార్గం ఒకటుంది. వెనకకు పోయే దారిని ఇంజను దగ్గరే తప్పించడం. ముందు, వెనక హీటర్లకు దారి విడివిడిగా చీలే బండిలో వెనక పాయ రెండు కొసలనూ మూస్తే చాలు. ఒకే దారిలో నీళ్లు తిరిగే బండిలో మూయకూడదు, రెండు కొసలనూ గొట్టంతో కలపాలి. ఏ రకమో మెకానిక్కు చూసి చెప్పాలి.

రేడియేటరులో పసుపు వేస్తే లీకు ఆగుతుందన్నది పాత డ్రైవర్ల చిట్కా. చిన్న బెజ్జం పూడవచ్చు. కాని అదే పసుపు రేడియేటరులోని సన్నని గొట్టాలను కూడా పూడ్చగలదు. అది నమ్ముకుని జనాన్ని ఎక్కించుకోకూడదు.

పని అయ్యాక బోరు నీళ్లు పోస్తే అందులోని లవణాలు లోపల పొలుసు కడతాయి. డిస్టిల్డ్ వాటరు, కూలెంటు డబ్బా మీద చెప్పిన పాళ్లలో కలిపి పోయాలి. పొడవాటి గొట్టాల్లో గాలి చిక్కుకుంటుంది గనుక హీటరు మీట వేడి వైపు తిప్పి, ఇంజను నడిపి గాలి పోనివ్వాలి. మర్నాడు చల్లటి ఇంజనులో మట్టం మళ్లీ చూడాలి.

రెండు ప్రమాదాలు

వేడి ఇంజనుకు రేడియేటరు మూత తీయరాదు. ఒత్తిడిలో ఉన్న నీరు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత వదులైన క్షణంలో మరిగి ముఖాన చిమ్ముతుంది. బాగా చల్లారేదాకా ఆగవలసిందే.

రెండోది కూలెంటు. అందులో సాధారణంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. నేల మీద కారినది కుక్క నాకినా, పశువు తాగినా, పిల్లలు నోట పెట్టుకున్నా ప్రాణం మీదికి వస్తుంది. తీసిన కూలెంటును చెరువు గట్టున, ఏటి ఒడ్డున పారబోయకూడదు.

పండుగకు వారం ముందు ఒక రాత్రి బండి కింద నాలుగు పాత కాగితాలు పరిచి పడుకుంటే పోయేదేమీ లేదు. పోసిన నీళ్లు ఎటు పోతున్నాయో తెల్లవారి అవే చెబుతాయి.